చెయ్యి మార్చిన బండి

విశాఖ నుంచి వచ్చినాయన
షెడ్డు గుమ్మంలో చెప్పులు విప్పాడు.
నూనె మరకల నేల, వద్దన్నా వినలేదు.
టార్పాలిన్ లాగాను.
రెండు తలుపుల డాడ్జ్ డార్ట్, డెబ్భైయో సంవత్సరం మోడల్,
ఎనిమిది సిలిండర్లు,
బోనెట్ మీద పొదిగేసిన కోడి వదిలిన ఈకలు.

మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి
ఇంజన్ నంబరు వేలితో తడిమి చదివాడు.
"పుట్టింటిదే" అన్నాడు. గొంతు వణికింది.

తర్వాత తప్పులు మొదలుపెట్టాడు.
రేడియేటర్ లారీది.
అవును, రాయగడ ఘాటీలో దాని సొంతది
మూడో మలుపుకే ఎసరులా పొంగేది.
ఈ బంపర్ ఏమిటి?
నౌపడా చిన్నరైలు పట్టాలు పీకేసినప్పుడు
తూకానికి కొన్న ముక్క.
నాలుగంగుళాలు ఎత్తు ఎందుకు లేపారు?
వంశధారలో నీళ్ళు మిమ్మల్ని అడిగి వస్తాయా?

ఆయన ఓపికగా చెప్పాడు.
బ్రెజిల్‌లో దీనికి వేరే ముఖం పెట్టారట,
ఆస్ట్రేలియాలో దీని చుట్టాలు ఫ్యాక్టరీలోనే
కుడి స్టీరింగుతో పుట్టాయట.
ఏ దేశపు రకం ఆ దేశానిది, అరుదైతే కోట్లు.
"అయితే గుణుపురం రకం అని రాసుకోండి" అన్నాను.
నవ్వలేదు.

డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.
సైకిల్ చైను.
రెండు పళ్ళచక్రాల మీదుగా
ఎడమ పక్క స్టీరింగును కుడి పక్కకు మోసుకొచ్చిన గొలుసు.
"ఎవరమ్మా చేసిందీ పాపం?"

మా నాన్న. పైడి జోగులు.
పుట్టుకతో పుర్రచేతివాటం.
ముద్ద పట్టిన ఎడమచేతి మీద వాళ్ళ నాయనమ్మ గరిటె కాల్చి పెట్టింది.
బళ్ళో మాస్టారు "డాహాణ! డాహాణ!" అంటూ
బలపం లాగి కుడిచేతిలో కుక్కాడు.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా,
ఎడమ తప్పు అనే మాట దగ్గర రెండూ ఒకటే.
చచ్చేదాకా సంతకం ఎండ్రకాయ నడిచినట్టుండేది.
స్పానరు మాత్రం ఎడమచేత్తోనే,
పక్క టీకొట్టు ఖగేశ్వర్ కూడా లేచి వెళ్ళిపోయాక.

మిల్లు కట్టడానికొచ్చిన దొర
జీతం బాకీ కింద ఈ బండి వదిలిపోయాడు.
అప్పటికి రాయగడ జిల్లానే లేదు, కొరాపుట్ నంబరు.
ఆఫీసులో ఎవరో అన్నారట, చక్రం కుడిపక్కనుంటేనే రోడ్డెక్కుతుందని.
ఏడు నెలలు పట్టింది.
చైను బిగించిన రాత్రి నేను లాంతరు పట్టుకున్నాను.
ఏమీ మాట్లాడలేదు నాన్న,
అరచేతిలో పాత మచ్చ గోక్కున్నాడు, అంతే.

"ఈ గొలుసు తీసేయించి మళ్ళీ మొదట్లో ఉన్నట్టు చేయిస్తాను.
ధర చెప్పు."
"ముందు కూర్చోండి, గుడారి దాకా పోయొద్దాం."

స్టార్టు చేశాను.
పులి గురక అంటారు చాలామంది. కాదు,
పెళ్ళివంటల దగ్గర పెద్ద కాగులో పప్పు ఉడికే చప్పుడు.
ఆయన ఎడమ సీట్లో కూర్చున్నాడు.
అక్కడ పాత స్టీరింగు కాడ ఇంకా ఉంది,
నాన్న కోసెయ్యలేదు దాన్ని.
చక్రం పోయిన మొండి.
నేను మలుపు తిప్పినప్పుడల్లా
గొలుసు కిర్రుమంటుంది, ఆ మొండీ తిరుగుతుంది,
బండిని తనే నడుపుతున్నట్టు.

రెండో మలుపులో చూశాను,
ఆయన దాని మీద చెయ్యి వేశాడు.
మూడో మలుపులో తియ్యలేదు.
ధర సంగతి ఇంకా ఎవరం ఎత్తలేదు.
పెట్రోలు ముల్లు పనిచెయ్యదని
ఆయనకు చెప్పడం మర్చిపోయాను.