మందు అదే, మోతాదు అదే

మూడో తూటా పేలాక బోల్టు లేవలేదు.
సులేవి అరచేత్తో కొట్టాడు ఒకసారి, రెండోసారి.
మూడోసారికి నేను మణికట్టు పట్టుకున్నాను.
"ఆగు. మొరాయించినదాన్ని బాదితే
ఎందుకు మొరాయించిందో చెప్పదు."

కైనూ అడవి అంచున పాత కంకర గుంత.
సెప్టెంబరు. మంచు ఇంకా పడలేదు, ఉత్త తడి.
శనివారం మూస్ వేట మొదలు.
అతని కుక్క కారు అద్దంలోంచి చూస్తోంది,
మేమిద్దరం దాని కొలువు పాడుచేస్తున్నట్టు.

ఆ తూటాలు కట్టింది నేనే.
ముప్పై ఒక్క ఏళ్లు కాగితం మిల్లులో
గుజ్జు తూచిన చేతులివి.
హిల్కా కట్టిందంటే మళ్లీ చూడక్కర్లేదు అనేవారు.
అనేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఇంటికొచ్చి ఖాళీ తొడుగులు దీపం కింద నిలబెట్టాను.
రోగి నాలుక చూసినట్టు
ఒక్కొక్కదాని అడుగూ చూశాను.
ప్రైమర్ అంచుల గుండ్రదనం పోయి
చదునుగా, ఇస్త్రీ కింద పడ్డ బొత్తాంలా ఉంది.
పక్కనే ఇత్తడి మీద మెరిసే చిన్న నెలవంక:
ఎజెక్టర్ గుంటలోకి లోహం ఉబికిన గుర్తు.
ఇది గొణుగుడు కాదు. కేక.

మొదట ఎండని అనుమానించాను. ఎండ ఎక్కడిది?
తర్వాత సులేవిని. "హీటర్ పక్కన పెట్టావా?"
"లేదు."
రోజుకి పది మాటల మనిషి,
ఒకటి నాకోసం ఖర్చుపెట్టాడు.
తర్వాత త్రాసుని. పరీక్ష బరువు వేస్తే
ముల్లు గీత మీద బుద్ధిగా నిలబడింది.
తొడుగు పొడుగు కొలిచాను, సరిపోయింది.
గుండు ఎంత లోతు దిగిందో చూశాను, సరిపోయింది.
గొట్టంలో నూనె మిగిలిందేమోనని బట్ట దూర్చాను,
పొడిగా వచ్చింది.
నోటుబుక్కు తెరిచాను.
మందు అదే, మోతాదు అదే, డబ్బా కూడా అదే.
నిరుడు ఇదే రైఫిల్ చిటికెన వేలికి తెరుచుకుంది.

రాత్రి పదకొండు. మూడో కప్పు కాఫీ.
"మరి ఏం మారింది?" అన్నాడు.
"ఏమీ మారలేదు."
"తొడుగులు" అన్నాడు. "ఇవి నేను తెచ్చినవి.
చవగ్గా దొరికాయి."

నా చెవులు వేడెక్కాయి.
సంచి అందుకున్నప్పుడు అడుగున ఉన్న పేరు చదవలేదు.
కొలత ఒకటే కదా అనుకున్నాను.
పై కొలత.

పాతదొకటి, కొత్తదొకటి పక్కపక్కన పెట్టాను,
కాలిన ప్రైమర్లు పీకకుండా.
చెవిలో చుక్కలేసే గొట్టంతో
పాతదాన్ని అంచుదాకా నింపాను.
ఆ నీళ్లే కొత్తదానిలోకి వంచితే
ఇంకా మిగిలి ఉండగానే
పొంగి నా వేలి మీదికి జారాయి.

గోడలు మందం.
బయటికి అదే ఇల్లు, లోపల ఇరుకు.
అంతే మంటకి
నిలబడే చోటు తగ్గింది.

బల్ల మీద నీటి మరకని చూస్తూ కూర్చున్నాం.
బోల్టుకీ అతని చెంపకీ నడుమ
జానెడు కూడా లేదని
ఇద్దరిలో ఎవరూ అనలేదు.
"తిట్టు" అన్నాను.
"కాఫీ ఉందా?" అన్నాడు.

మిగిలిన ముప్పైయేడూ విప్పేశాం,
గుండు ఊడదీసే సుత్తిలో బిగించి,
నేల మీద టక్, టక్, ఒంటిగంట దాకా.
ఆ మందు మళ్లీ డబ్బాలో పోయలేదు.
తెల్లారి గూస్‌బెర్రీ పొదల కింద చల్లాను.
నోటుబుక్కులో కొత్త గడి గీశాను: తొడుగు ఎవరిది.
గీత వంకరగా వచ్చింది, అలాగే ఉంచాను.

శనివారం అతను దుకాణం తూటాలతో వెళ్లాడు.
ఆదివారం నా గుమ్మంలో నాలుగు అట్టపెట్టెలు,
కడిగి, వేరుచేసిన ఇత్తడి,
ఒక్కోదాని మీద తయారీదారు పేరు
పెన్సిలుతో, పెద్ద అక్షరాల్లో.

మూస్ దొరకలేదట.
కుక్క మొహం చూస్తే తెలిసింది.