శనివారం నీళ్ళు

మా ల్యూయిస్ దీవిలో
ఆదివారం గాలికీ సముద్రానికీ తప్ప ఎవరికీ పనిలేదు.
పిల్లల ఉయ్యాలకు శనివారం రాత్రే గొలుసు పడుతుంది.
పడవలు ఒడ్డున బోర్లా పడుకుంటాయి.
తీగమీద ఒక్క చొక్కా ఆరినా
సోమవారానికి ఊరంతా దాని గుండీలు లెక్కపెడుతుంది.

అందుకే శనివారం నాకు రెండు రోజులంత పొడుగు.
నీళ్ళు తోడిపెట్టాలి,
చిత్తడినేల కోసి ఎండబెట్టిన పీట్ గడ్డలు పొయ్యి పక్కన పేర్చాలి,
బంగాళాదుంపలు ఒలిచి నీళ్ళలో ముంచాలి,
బూట్లకు నలుపు పుయ్యాలి.
నలభై ఏళ్ళు అలా
విశ్రాంతి కోసం నడుం విరగ్గొట్టుకున్నాను.

ఇక ప్రభు బల్ల దినాలొస్తే
గురువారం నుంచి సోమవారం దాకా
పక్క ఊళ్ళ విశ్వాసులు పద్నాలుగు మంది నా ఇంట్లో.
నేలమీద పరుపులు, మెట్లమీద టోపీలు,
పొయ్యిమీంచి ఎప్పటికీ దిగని గొర్రెమాంసం చారు.
వాళ్ళు ముందు గదిలో కృప గురించి మాట్లాడుకునేవారు.
తలుపు సందులోంచి నాకు
సగం కృప వినిపించేది,
మిగతా సగం గిన్నెల చప్పుడులో పోయేది.

బేతనియ ఇంటి సంగతి ప్రసంగంలో వచ్చినప్పుడల్లా
బెంచీ అంచు గట్టిగా పట్టుకునేదాన్ని.
పాదాల దగ్గర కూర్చున్న చెల్లెలిదే మంచి భాగమట.
సరే ప్రభూ,
మరి ఆ పూట నీ ముందు పెట్టిన రొట్టెకి
పిండి దానంతటదే పిసుక్కుందా?

ఆ చెల్లెలంటే నాకు మర్డీనాయే గుర్తొచ్చేది.
మా ఆయన తోబుట్టువు.
ముందు వరసలో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది.
కీర్తన ఎత్తుకునే పెద్దాయన ఒక పంక్తి పాడితే
అల వెనక అలలా మేమంతా అందుకునే చోట
ఆమె గొంతు అందరికన్నా ఆఖర్న తీరం చేరుతుంది.
నా గడపకి ఒక్క గిన్నె చారు తెచ్చిన పాపాన పోలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం
పీట్ బుట్టతో మంచుమీద జారాను.
కుడి మణికట్టు ఎండుపుల్లలా విరిగింది.
స్టోర్నోవేలో కట్టు కట్టిన డాక్టరమ్మ
"ఆరు వారాలు విశ్రాంతి, డోలీనా" అంది
నాకేదో బహుమతి ఇస్తున్నట్టు.

మర్నాడు తలుపు తట్టింది ఎవరంటారు?
మర్డీనా. చేతిలో తపేలా, ముఖాన భయం.
"ఆదివారమైనా కనికరం పనికి అడ్డులేదులే" అని
నాకన్నా తనకే చెప్పుకుంటూ లోపలికొచ్చింది.

చారులో ఉప్పెక్కువ.
దుంపల కళ్ళు తియ్యనే లేదు,
అవి గిన్నెలోంచి నన్నే చూస్తున్నాయి.
తర్వాత తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి
నా మేజోళ్ళు విప్పబోయింది.
కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.
అక్కడ, ఆ కుర్చీలో,
ఆ చివరి రాత్రి వద్దు వద్దని పాదాలు ముడుచుకున్న జాలరి
నాకు మొదటిసారి సొంత అన్నలా తెలిశాడు.
ఇవ్వడం అలవాటైన చేతికి
పుచ్చుకోవడం ఎంత సిగ్గు!
నలభై ఏళ్ళ నా సేవలో
ప్రేమ ఎంత పాలో,
ఎవరికీ రుణపడనన్న మొండితనం ఎంత పాలో
నీళ్ళలో నానుతున్న నా మడమల పగుళ్ళకే తెలుసు.

మర్డీనా ఏమీ మాట్లాడలేదు.
వేలికీ వేలికీ మధ్య తుడిచింది,
తీరిగ్గా, కీర్తన ఆఖరి పంక్తి పాడినట్టు.
సగం నీళ్ళు నా రగ్గుమీదే ఒలకబోసింది.
ఊరుకున్నాను.
అంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

సాయంత్రానికి ఆమె కుర్చీలోనే కునుకు తీసింది,
నోరు కొంచెం తెరుచుకుని,
చేతిలో ఇంకా ఆ తడి తువ్వాలు.
పొయ్యి సన్నగిల్లుతోంది.
ఎడమచెయ్యి ఇంకా నా మాట వింటుంది గదా.
ఒక గడ్డ, ఒకే ఒక్క గడ్డ
చప్పుడు కాకుండా నిప్పులమీద పెట్టాను,
ఆమెకి చలి వెయ్యకూడదని.
ఈసారి దాన్ని ఎక్కడా లెక్క రాసుకోలేదు.
మళ్ళీ కూర్చున్నాను.

పడకముందు తోడిన శనివారం నీళ్ళు
బకెట్లో ఇంకా సగం ఉన్నాయి.
కదలడం లేదు.
దీపం వాటిలో నిలబడి ఉంది.