ఆరున్నొకటి

గ్రాంటన్ రేవు పక్క బస్టాపులో
పొద్దున్న ఆరింటి నుంచి నా పని
మనుషుల్ని లెక్కపెట్టడం.
ఎక్కినవాళ్ళకో గడి, దిగినవాళ్ళకో గడి.
నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి.
"ఎవరితోనూ మాట్లాడకు," అన్నాడు గ్రెగర్
అట్టా పెన్సిలూ చేతికిస్తూ.
"పెన్ను వద్దు. ఇక్కడి వానకి చెదిరిపోతుంది.
పెన్సిలైతే నిలుస్తుంది."

సముద్రం ఇవాళ సెలవు.
పొగమంచు కప్పేసింది.
ఈ ఊళ్ళో దాన్ని హార్ అంటారు,
హారం అనబోయి ఎవరో సగంలో ఆపినట్టు.
మెడలోనే పడుతుంది అదీ,
కాలరు సందులోంచి వీపు దాకా.

మొదట వచ్చినవాడు
చేపల పెట్టెలు కడిగి వస్తున్న కుర్రాడు,
రబ్బరు బూట్లలో నీళ్ళు గుళగుళ.
గీత గీస్తూ "లాభం" అన్నాను.
మా వైపు కళ్ళంలో కుంచం పట్టినవాళ్ళు
ఒకటి అనరు.
లాభం, రెండు, మూడు, అంటూ పోతారు.
తను లాభమని తెలీని కుర్రాడు
కార్డు ఆనించి, మేడెక్కి,
అద్దానికి చెంప ఆనించి నిద్రపోయాడు.

రోడ్డుకి అవతల
పాత గ్యాసు తొట్టి చట్రం,
లోపల చెయ్యి లేని ఇనప గాజు.
దాని చుట్టూ ఫ్లాట్లు లేస్తున్నాయి.
ప్రహరీ మీద నిలువెత్తు అక్షరాలు:
సిటీ నడిబొడ్డుకి పదకొండు నిమిషాలు.
దేని మీద? ట్రాము మీద.
ట్రాము ఏదీ?
ఆలు లేదు చూలు లేదు,
స్టేషనుకి మాత్రం పేరు పెట్టేశారు.

అది రావాలంటే పాత రైలు దారి కావాలి.
పట్టాలు పీకేసిన చోట ఇప్పుడు చెట్లు,
సైకిళ్ళు, రాత్రిపూట నక్కలు.
సగం కిటికీల్లో ట్రాము కావాలనే అట్టలు,
సగం కిటికీల్లో మా దారి జోలికి రావొద్దని.
ఎఫీ టల్లక్ గారి కిటికీలో రెండూ ఉన్నాయి.
నేను అడగలేదు, ఆవిడే చెప్పింది:
"మోకాళ్ళు కావాలంటున్నాయి,
కుక్క వద్దంటోంది."
ఆవిడ నాలుగు.
కుక్కకి గడి లేదు.

బోర్డు మీద నాలుగు నిమిషాలని
పావుగంట నుంచీ చూపిస్తోంది.
ఆ పదకొండు నిమిషాలూ
ఇక్కడ నిలబడే ఖర్చయిపోతాయి అందరికీ.

ఎనిమిదిన్నర బస్సులోంచి ఒకావిడ దిగింది.
చేతిలో ఆస్పత్రి వాళ్ళ ప్లాస్టిక్ సంచీ,
లోపల మగవాళ్ళ బూట్ల జత,
లేసులు ముడివేసే ఉన్నాయి.
ఇంటికి వెళ్ళలేదు.
బెంచీ మీద కూచుంది.
బస్సు వచ్చింది, పోయింది.
ఇంకోటి వచ్చింది.
ఎక్కనివాళ్ళకీ, దిగి కదలనివాళ్ళకీ
నా కాగితంలో చోటు లేదు.

దిగినవాళ్ళ గడిలో ఆవిడ ఎన్నోదో చూశాను.
కొలిచేవాళ్ళు ఆ అంకె పలకరు.
ఏడుపు గింజల్లో కలుస్తుందని
ఆరున్నొకటి అంటారు.

ఫ్లాస్కులో టీ ఒంపి ఇచ్చాను.
మాట్లాడలేదు నేను, రూలు రూలే.
ఆవిడ అంది,
"రాత్రి ఇక్కణ్ణించి రెండు బస్సులు మారాలి.
మొదటిది బాగానే దొరికింది."
అంతే అంది.
టీ తాగలేదు,
రెండు చేతులా పట్టుకుని కూచుంది.

మధ్యాహ్నం గ్రెగర్ వచ్చి కూడుకున్నాడు.
ఎక్కినవాళ్ళు నూటపద్దెనిమిది.
దిగినవాళ్ళు నలభై
"ఈ గీతేంటి, ఇలా అలుక్కుపోయింది?"

"వాన," అన్నాను.

పెన్సిలు వానకి చెదరదని చెప్పింది అతనే.
కాగితం వైపు కాసేపు చూసి
బెంచీ వైపు చూసి
లెక్కలో కలిపేశాడు.