అతుకు

పెరంబూరులో కోచ్ ఫ్యాక్టరీ క్వార్టర్స్ దాటాక రెండో సందు.
మెట్ల కింద పాత దుప్పటి కప్పుకుని ఉంది బండి.
దుప్పటి లాగింది యేసుపాదం గారు,
ముప్పయ్యేళ్లు రైలుపెట్టెలకు వెల్డింగ్ చేసిన చేత్తో.
ఆ చేతి చిటికెన వేలికి గోరు లేదు.

నేను బేరానికి దిగాను.
ముందు టైరు అరిగిందన్నాను, అరగలేదు.
క్లచ్ బరువన్నాను, నా చేతికే అలవాటు లేదు.
సైలెన్సర్ పొగ కక్కుతోందన్నాను,
అది పక్కింటి దోసె పెనం పొగ.
ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.
నలభై రెండు నుంచి ముప్పయ్యారుకి దిగాడు
మోకాళ్ల నొప్పులున్న మనిషి మేడ దిగినట్టు
ఒక్కో మెట్టు మీదా ఆగి.

ఆర్సీ బుక్కు, ఇన్సూరెన్స్ కాగితం, రెండు తాళంచెవులు,
అడగకుండానే ఒక చిన్న నూనె డబ్బా.
"గొలుసుకి. ఐదారు వందల కిలోమీటర్లకోసారి.
వానలో తిరిగితే మర్నాడే.
సముద్రం ఊరు బాబూ ఇది,
ఇక్కడ గాలే దొంగ."

విన్నట్టు తలూపాను.

కార్తీకంలో వాన పట్టుకుంది.
వ్యాసర్పాడి సబ్‌వేలో మోకాలి లోతున బండి ఆగింది.
నేను కిక్కు మీద కిక్కు కొడుతుంటే
నెత్తిన పూలబుట్టతో పోతున్న ఒకావిడ
"తళ్ళు తంబీ, స్టార్ట్ పణ్ణాదే" అని అరిచింది.
ఇంజన్ నీళ్లు మింగుతుందని
పూలమ్మే ఆవిడకు తెలుసు.

తోసుకుంటూ తోసుకుంటూ, మర్నాటికి పుదుప్పేట.
జిలానీ భాయ్ ట్యాంకు విప్పి పక్కన పెట్టి
"ఇంగ పారు" అన్నాడు.
బండి వెన్నుగొట్టం మీద
చీమలబారులా ఒక అతుకు.
నాలుగంగుళాలు. పైన నల్లరంగు, చాలా శ్రద్ధగా.

ఒకప్పుడెప్పుడో విరిగిన బండి ఇది.

ముప్పయ్యారు వేలూ నోట్లో ఇనుప రుచిగా తిరిగాయి.
జిలానీ స్పానరుతో దాని మీద రెండుసార్లు కొట్టి
చెవి ఒగ్గి విన్నాడు.
"మిగతాదంతా పోయాకే ఇది పోయేది.
ఎవడో గానీ, తొందరలేని మనిషి."

నాకు తొందర ఉంది.
నీళ్లు తోడించుకున్న ఇంజన్‌తో నేరుగా పెరంబూరు వెళ్లాను.
యేసుపాదం గారు గడపలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు.
"టైరు గురించి అడిగావు. క్లచ్ గురించి అడిగావు.
లేని పొగ గురించి కూడా అడిగావు.
దాని గురించి అడగలేదు."
"అడిగితే చెప్పేవారా?"
ఒక ఉల్లిపాయ మొత్తం తరగడం అయింది.
"ధర తగ్గించేవాణ్ణి," అన్నాడు.
ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాడు.
"లేకపోతే అమ్మేవాణ్ణే కాదు."

ఎప్పుడు విరిగిందో, ఆ వేళ దాని మీద ఎవరున్నారో
నా నాలుక చివరదాకా వచ్చింది.
గోరులేని ఆ వేలు చూసి ఆగింది.

ఆయనే లేచాడు. బండి పక్కన గొంతుక్కూచుని
గొలుసు మీద వేలు రాసి
నా ముఖానికెదురుగా పట్టాడు.
ఎర్రటి తుప్పు.
"మరి దీనికి నువ్వేం చెబుతావు?"

రెండేళ్లయింది.
ఆదివారం పొద్దున్న కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు.
గొలుసు ఊగు బొటనవేలి గణుపంత,
అంతకు మించితే బిగింపు.
ఆయిలు మార్చిన రోజు గోడ మీద సుద్దతో రాస్తాను,
ఇంటి ఓనరు తుడిపేస్తాడు, మళ్లీ రాస్తాను.
ఏడాదికోసారి ట్యాంకు విప్పినప్పుడు
ఆ అతుకుని పొడిగుడ్డతో తుడుస్తాను.
దానికి అక్కర్లేదు. అయినా తుడుస్తాను.

మొన్న తిరువొత్తియూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు,
బండి అమ్ముతున్నానని ఎవరో చెప్పారట.
చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
ముందు టైరు అరిగిందన్నాడు.
అరిగింది.
క్లచ్ బరువన్నాడు.
ఇంకేమైనా అడుగుతాడేమోనని
అతని కళ్లు ట్యాంకు మీద ఎంతసేపు నిలుస్తాయోనని చూశాను.

దుప్పటి కప్పి
రేపు రమ్మన్నాను.