ఆయా కాలం

గోడకు అవతల మగ్గాలు.
పొద్దన్నే మొదలు, టకటకమని.
మా పిల్లోళ్లు ఒకట్లు చెప్పేది ఆ దరువుకే.
కరెంటు పోతే మగ్గం ఆగతాది,
పిల్లోళ్లూ ఏడు కాడ ఆగిపోతారు.
ఎనిమిదిని ఎవురో దాచిపెట్టినట్టు
గోడకల్లా చూస్తారు.

నగరిలో మా అంగన్‌వాడీ ఒక్క రూము,
వేదాచలం మొదలారిది.
ముందు దాంట్లో నూలు కండెలు పెట్టేవోళ్లంట,
ఇప్పటికీ వాన పడితే రంగునీళ్ల వాసనొస్తాది.
ఎనిమిది నెలలుగా బాడుగ రాలే.
ఆయన అడగడు.
వాకిట్లో నిలబడి బీడీ కాలుస్తా
పైకప్పు కల్లా ఒకసారి చూసి పోతాడు.
అడిగినా బాగుండు.

రిజిస్టర్లో ఇరవై మూడు పేర్లు.
వచ్చేది పదకొండు మంది,
సంత రోజు తొమ్మిది.
తొమ్మిదింటికి పసుప్పచ్చ వ్యానొస్తాది,
టై కట్టుకున్న మూడేండ్లోళ్లను ఎక్కించుకోని
మా కిటికీ ముందర హారన్ కొడతాది.
లోపల్నించి నా పిల్లోళ్లు టాటా చెప్తారు.
రోజూ అదే మాకు మొదటి పాఠం.

కుప్పమ్మ రిటైరయ్యి రెండేండ్లు.
పొయ్యి ఆమెది, చీపురు ఆమెది,
ముక్కులు తుడిచే కొంగు ఆమెది.
చాక్‌పీసు నాది.
ఇప్పుడన్నీ నాయే.
పప్పు పొంగితే ‘అ’ ఆగతాది,
‘ఆ’ కాడికొచ్చే లోపల ఎవురో ఒకరు చెడ్డీ తడుపుతారు.
నెల కాగితంలో ‘ఆయా’ అని ఒక కాలం,
దాంట్లో నేనే రాయాల, ‘ఖాళీ’ అని.
ఇరవై నాలుగు సార్లు రాసినా.
చెయ్యి తిరిగిపోయింది.

మొకం చూపిస్తేనే పాలంట ఇప్పుడు.
కాన్పు తరవాత చిక్కిపోయిన జయంతిని
ఫోను గుర్తుపట్టలే.
వెలుతుర్లోకి తిప్పినా, కొంగు తీసి చూపించినా,
‘సరిపోలలేదు’ అనింది.
ఆ పిల్ల నవ్వింది,
“నాకే గుర్తుపట్ట కాలేదక్కా అద్దంలో” అని.

సూపర్‌వైజరమ్మ వచ్చింది.
మంచి మనిషే, నీళ్లడిగి తాగింది.
“పదిహేనుకు తగ్గితే పక్క వీధి సెంటర్లో కలిపేస్తారంట” అనింది.
“మనిషినిస్తే పిల్లోళ్లొస్తారు మేడం.”
“పిల్లోళ్లుంటే మనిషినిస్తారు.”
ఒకే తాడు,
చెరొక కొనా రొంచేపు లాగి
కింద పెట్టేసినాం.
పోతా పోతా ఆమె స్కూటీ స్టార్టు కాలే.
నేనే తోసినా.

ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగినా.
గుడ్డిస్తాం, పాలిస్తాం, పాటలు నేర్పిస్తాం.
ఇందుమతి షెడ్డులో తెగిన పోగు ముడేస్తా ఉండాది,
తల ఎత్తలే.
“వాడి ఫీజుకే రెండో షిఫ్టు చేస్తాండా.
మీ కాడ ఊరికే చెప్తారని నాకు తెలీదా అక్కా.”
రొంచేపుండి, గొంతు పెంచకుండానే
“మీ మనవడు యాడికి పోతాండాడు?” అనింది.

పసుప్పచ్చ వ్యానులో, మూడో సీటు.
నేనే ఎక్కిస్తా వాణ్ణి,
మా సెంటరు మెట్టు మీదినించే.
కోడలి పట్టుదల అని చెప్పొచ్చు.
చెప్పలే.
మగ్గం చప్పుడుకు వినపడనట్టు నిలబడినా.
ఆమె ముడేసి పోగు వదిలేసింది.
అంత సన్న ముడి, గుడ్డలో కనపడదు,
వేలు పెట్టి తడిమితే తెలస్తాది.

ఈ పొద్దు వాడికి దగ్గని చెప్పి
వ్యాను పంపించేసినా.
దగ్గు లేదు.
చాప మీద కూర్చున్నాడు, టైతోనే.
పదకొండు మందీ ఒకరి తరవాత ఒకరొచ్చి
దాన్ని పట్టుకోని చూసినారు.
ఒకట్లు మొదలుపెట్టినాం.
ఏడు కాడ కరెంటు పోయింది,
అందరూ ఆగిపోయినారు.
మగ్గం సంగతి వాడికేం తెలుసు,
“ఎయిట్” అనేసినాడు.

గోడకల్లా తిరగబోయిన తలకాయలన్నీ
వాడికల్లా తిరిగినాయి.

ఇరవై నాలుగో పేరు
పెన్సిలుతో రాసి పెట్టినా.
రేపు తొమ్మిదింటికి వ్యానొస్తాది.