ఆరు బై నాలుగు

మెయిల్ మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది.
గవర్నర్‌పేటలో కరెంటు లేదు,
వీధి వీధంతా జనరేటర్ల రొద.
"చింతిస్తున్నాం" దగ్గరికి వచ్చేసరికి
ఫోన్‌లో చార్జింగ్ రెండు శాతం.
మూడు వాక్యాలకు అది చాలింది.

నాన్నకి ఇంకా తెలియదు.
ఆగిపోయిన ప్రింటర్ పక్కన స్టూలు మీద కూర్చుని
ఎవరి పిల్లలకో వచ్చిన ర్యాంకులకి
అంచులు కోస్తున్నాడు.
జూన్ వస్తే మా షాపు నిండా నవ్వే మొహాలే.
పాస్‌పోర్టు ఫొటోలో నవ్వనివాళ్ళని కూడా
సుభానీ కంప్యూటర్లో కాస్త నవ్విస్తాడు.

నాదీ తయారుగా ఉంది, నాకు తెలుసు.
ఆరు బై నాలుగు.
నా పేరులో వత్తుల్ని ఆ ఫాంటు మింగేస్తుందని,
జ్యోత్స్నని జోస్న చేస్తుందని,
గోడల మీద అక్షరాలు రాసిన చేత్తో
మౌసు పట్టుకుని, గంటసేపు,
ఒక్కో వత్తూ తనే దిద్దాడట.
సుభానీ మొన్న చెప్పేశాడు, నోరాగక.
దమయంతత్త లడ్డూలకి అడ్వాన్సు కూడా ఇచ్చింది.
"నీకు రాకపోవడమేంటే?"

అదే.
నాకు రాకపోవడమేంటి?

ఇంటర్వ్యూలో నదుల గురించి అడిగారు.
పుస్తకంలోది చెప్పి ఊరుకోలేదు.
సింగ్‌నగర్‌లో మా ఇంటి గోడ మీద
బుడమేరు గీసి వెళ్ళిన గీత గురించి చెప్పాను.
అది నా భుజానికి జానెడు పైనుందని,
రెండుసార్లు సున్నం కొట్టినా
చినుకు పడితే మళ్ళీ తేలుతుందని.
కళ్ళద్దాలావిడ పెన్ను కింద పెట్టి విన్నది.
ఆ పెన్ను కింద పెట్టడాన్ని పట్టుకుని
రెండు నెలలు బతికాను.

వినడం వేరు, తీసుకోవడం వేరు.

చెడ్డగా చెప్పి ఉంటే బాగుండేది.
తప్పెక్కడో వేలు పెట్టి చూపించుకుని
అక్కడ కూర్చుని ఏడ్చేదాన్ని.
బాగా చెప్పాను. ఇప్పుడు ఎక్కడ కూర్చోను?

టీ తెస్తానని బయటికొచ్చాను.
లెనిన్ సెంటర్ దాకా నడిచాను, ఊరికే.
పాత పుస్తకాల కొట్ల పైన మేం వేసిన హోర్డింగే.
రెండో వరసలో నాలుగోవాడి చెవి
మేం అతికించిందే.
ఎండలో వాడు నన్ను చూసి నవ్వుతున్నాడు,
సుభానీ నవ్వు.

ఫ్లాస్కు నింపుకుని వెనక్కి వచ్చి చెప్పాను.
గట్టిగా చెప్పాల్సి వచ్చింది, జనరేటర్ల వల్ల.
నాన్న కత్తెర ఆపలేదు. అంచు చివరిదాకా కోశాడు.
"ఎంతమందిని తీసుకుంటారు?"
"నలభై."
"రాసింది?"
"తెలీదు."
తల ఊపాడు, రేటు కుదరని బేరానికి ఊపినట్టు.
తర్వాత తన గ్లాసులో టీ సగం
నా గ్లాసులో పోశాడు.
నా గ్లాసు అప్పటికే నిండుగా ఉంది.
టీ బల్ల మీదికి పారింది. ఇద్దరం తుడిచాం.

"ఆ ఫైలు తీసెయ్" అన్నాడు సుభానీతో.
"ఏ ఫైలు?" అన్నాడు సుభానీ, నన్ను చూడకుండా.

మూడింటికి కరెంటు వచ్చింది.
ప్రింటర్ ఆగినచోటి నుంచే మొదలుపెట్టింది.
ఎవరిదో నూట పన్నెండో ర్యాంకు,
ముక్కు మీదుగా అడ్డంగా తెల్లటి గీత.
పార్టీ ఒప్పుకోడు, ఇంకోటి వెయ్యాలి.
చుట్టచుట్టి నాన్న నా చేతికిచ్చాడు:
"వంటింటి రేకు కారుతోంది కదా."

రాత్రి వాన పడింది.
ఫ్లెక్సీ ఆపింది.
రేకుల సందులోంచి ఆ అబ్బాయి కన్ను ఒకటి
మా పొయ్యిని చూస్తోంది.
"రెండో లిస్టు ఉండదా?" అమ్మ అడిగింది.
ఉండదన్నాను.
ఊళ్ళో కాలేజీకి రేపే ఆఖరు రోజు.
ఫారం బ్యాగులోనే ఉంది. రాయలేదు.

అడ్వాన్సు వెనక్కివ్వరట,
అత్త లడ్డూలు తెచ్చేసింది,
గుమ్మంలో నిలబడి, ఏం మొహం పెట్టాలో తెలీక.
ఒకటి తీసుకున్నాను.
తియ్యగానే ఉంది.
ఆ మధ్యాహ్నం నుంచి రాని కోపం
అప్పుడొచ్చింది.