పంపు గంటలు

ఫైరింజన్ వయసు మైళ్ళలో లెక్కపెట్టరు.
అది పరిగెత్తేది ఎంతని, నాలుగు వీధులు.
ఆ తర్వాత నిలబడుతుంది.
నిలబడి నీళ్ళు తోస్తుంది తెల్లవార్లూ,
ఒక్కోసారి మర్నాడు మిట్టమధ్యాహ్నం దాకా.
అందుకే వేగం చూపే ముల్లుకింద
ఇంకో చిన్న కిటికీ ఉంటుంది, పంపు నడిచిన గంటలకి.
కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను మొదట చూపించేది అదే.

షికాగో ఫైర్ డిపార్ట్‌మెంట్ మరమ్మతు షెడ్డులో
ముప్ఫై ఒక్క ఏళ్ళు రెంచీ పట్టుకున్నాను.
మంటని ఎదురుగా చూసింది రెండే సార్లు,
అందులో ఒకటి మా వంటింట్లో.
మిగతావన్నీ బండ్ల ఒంటిమీద చదువుకున్నవే.
ఎడమ తలుపు రంగు బొబ్బలెక్కితే
నడిమధ్యలో గాలి తిరిగిందన్నమాట.
రేడియేటర్ జాలీలో కోడి ఈకలుంటే మార్కెట్టు గోదాము.
గొట్టాల మడతల్లో పాకం గడ్డకట్టి వచ్చింది ఒకసారి,
మిఠాయి ఫ్యాక్టరీ.
వారం రోజులు చీమలు మా షెడ్డు వదల్లేదు.
వెనక మెట్టుమీద పసివాడి బూటు, ఒక్కటే, ఉన్నరోజు
నేనెవర్నీ ఏమీ అడగలేదు.
మసి కడిగి కిటికీలో ఆరబెట్టాను.
మూడోరోజు కెప్టెన్ ఒబ్రాడోవిచ్ వచ్చి
కాఫీ తాగి, బేస్‌బాల్ గురించి మాట్లాడి
దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

బీరువాలో పాత చిట్టాలున్నాయి.
నాడాలు కొట్టే ఆన్స్‌గర్ లిండ్‌క్విస్ట్ దస్తూరీ, గుండ్రంగా:
'గుర్రం డ్యూక్. కుడి ముందుకాలు.
నిప్పుల్లో అడుగేసింది. పదకొండు రోజులు సెలవు.'
అదే పేజీలో మనుషుల సెలవులు వెతికాను.
లేవు.

అప్పటిది ఆవిరి యంత్రం.
కడుపులో నిప్పు పెట్టుకుని నిప్పార్పడానికి పోయేది.
తర్వాత పెట్రోలు, తర్వాత డీజిలు.
కప్పు మాత్రం రాలేదు.
మీసాలకి ఐసు వేలాడుతుంటే తోలేవాళ్ళు;
చలి మనుషులకే కదా, ఇంజనుకి కాదు.
చివరికి ఒక వేసవిలో వచ్చాయి కప్పులు,
పడమటి పేటలు కాలినప్పుడు,
చలికి కాదు, రాళ్ళకి.
ప్లైవుడ్డు చెక్కలు కోసి మేకులు కొట్టింది మా నాన్న.

పద్నాలుగేళ్ళ తర్వాత అదే బండి, అరవై రెండో నంబరు,
చెక్కలు ఊడదీసి లొరెటా పికెన్స్‌కి అప్పగించాను.
మా షెడ్డులో మొదటి ఆడ మెకానిక్కు, ఆ పేట మనిషే.
మేకుల బెజ్జాల్లో లప్పం పూడుస్తూ,
చెయ్యి ఆపకుండానే అంది,
'రాళ్ళు వేసిన వాళ్ళలో మా అన్న ఉన్నాడు.
మా ఇల్లు ఆర్పింది కూడా ఈ బండేనేమో, ఎవరికి తెలుసు.'
నేను రంగు డబ్బా మూత తీశాను.
ఎరుపు కలపడం అంత తేలిక కాదు,
ఎండలో ఒకటి, దీపం కింద ఒకటి.

ఆ జనవరిలో బండి మా దగ్గరికి రాలేదు. మేమే వెళ్ళాం.
కాగితాల గిడ్డంగి ముందు, తన నీళ్ళలో తనే గడ్డకట్టి
తెల్లటి దిబ్బలా ఉంది అరవై రెండు.
ఆవిరి గొట్టాలతో, గొడ్డళ్ళతో రెండు రోజులు తవ్వాం.
లోపల ఇంజను నడుస్తూనే ఉంది.
డ్రైవర్ ఉర్బానెక్ ఆపనివ్వలేదు.
ఆపితే పంపు పగులుతుందని
ఐసులో చేసిన కంతలోంచి డీజిలు పోస్తూ,
ముసలి ఆవుకి చెప్పినట్టు ఏదో చెబుతూ కూర్చున్నాడు,
పోలిష్‌లో. మా అమ్మమ్మ భాష అది,
నాకు సగమే అర్థమైంది.

దాన్ని తుక్కుకి పంపిన రోజు
ముందున్న ఇత్తడి గంట కోసం మ్యూజియం వాళ్ళొచ్చారు,
గుడ్డలో చుట్టి జాగ్రత్తగా తీసుకుపోయారు.
పంపు గంటలు ఎవరూ అడగలేదు.

మీటరు నా దగ్గరే ఉంది, మేకుల డబ్బాలో.
నాలుగువేల నూట ఆరు.
ఆఖరి అంకె
ఆరుకీ ఏడుకీ నడుమ ఆగిపోయి ఉంది.